గ్లాండు పరీక్షలో మా బావ

నేను దస్తావేజు లేఖరిని. ముప్పై ఆరేళ్ళుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని, జనం ఒక్క ముక్కలో చెప్పే మాటని మూడు పేజీల్లో రాసి బతుకుతున్నాను. కాబట్టి పెద్దాసుపత్రిలో జరిగిన పరీక్షల గురించి రాయడానికి నాకన్నా అర్హుడు లేడు. పైగా అక్కడ రాతపరీక్షలో ఫస్టు వచ్చింది నాకే. రోగం మాత్రం మా బావది.

మా బావ వీరభద్రం కొత్తలంకలో మోటారు మెకానిక్కు. అరవై మూడేళ్ళు. చుట్టుపక్కల ఏ చేలో పంపుసెట్టు ఆగినా ఆయన పానా పట్టుకుని వెళ్ళాల్సిందే. అలాంటి మనిషికి మూత్రం ధార సన్నబడింది. "ప్రెషరు తగ్గింది, అంతే" అని ఏడాదిపాటు నెట్టుకొచ్చాడు. మా అక్క మంగతాయారు ఊరుకునే రకం కాదు. నన్ను తోడిచ్చి పెద్దాసుపత్రికి తరిమింది, వెనకే తనూ వచ్చింది. రక్తం పరీక్ష చేశారు, ముక్క తీసి పరీక్ష చేశారు. చివరికి డాక్టర్ రెహానా గారు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ప్రోస్టేట్ గ్లాండులో క్యాన్సర్ ఉందని చెప్పారు.

మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బావ మాత్రం తెలిసినవాళ్ళ పేరు విన్నట్టు ముందుకి వంగాడు.

"గ్లాండా అండి? పంపుకి కూడా ఉంటాదండి గ్లాండు. షాఫ్టు దాని మధ్యలోంచి పోద్ది."

"మీ గ్లాండు కూడా అంతే. మూత్రం తిత్తి కింద ఉంటుంది. మూత్రం గొట్టం దాని మధ్యలోంచే పోతుంది" అన్నారావిడ.

"అయితే చెప్పండమ్మా" అన్నాడు మా బావ.

మూడు దారులున్నాయన్నారావిడ. కొన్ని రకాలకి ఏమీ చెయ్యకుండా కనిపెట్టి చూస్తారట, కానీ మా బావది కాస్త దూకుడు రకం. రెండోది కరెంటు పెట్టడం.

"త్రీ ఫేజా అండి?" అన్నాడు మా బావ.

అది తీగల్లో వచ్చే కరెంటు కాదనీ, ఒక రకం కిరణాలనీ, జనం అలా పిలుస్తారంతేననీ ఆవిడ నవ్వకుండా చెప్పారు. మూడోది ఆపరేషన్. రోగం ఇంకా గ్లాండు దాటలేదు కాబట్టి గ్లాండు మొత్తం తీసేసి, తిత్తినీ గొట్టాన్నీ కలిపి కుట్టేస్తారు. కుట్టు మానేదాకా పది పదిహేను రోజులు సన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అది తీశాక కొన్నాళ్ళు, ఒక్కోసారి కొన్ని నెలలు, దగ్గినా తుమ్మినా కారుతుంది. మగతనం విషయంలో కూడా తేడా రావచ్చు. "పక్కనే ఉన్న నరాల్ని కాపాడ్డానికి చూస్తాను గానీ మాటివ్వలేను" అన్నారు.

మా బావ మా అక్క వైపు చూశాడు. "మనిషుంటే చాలండి" అంది అక్క డాక్టరు గారితో.

మా బావ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "గ్లాండు తీసేత్తారు. జాయింటేత్తారు. జాయింటు సెట్టయ్యేదాకా పైపుంచుతారు. తర్వాత వాల్వు బిగుసుకునేదాకా కారతాది. అంతేనా అమ్మా?"

"అంతే. ఈ మాటే నేను విద్యార్థులకి చెప్పడానికి ఒక పూట పడుతుంది" అన్నారు డాక్టరు గారు. "మూడు నెలల్లోపు చేసేద్దాం. రోగం గ్లాండు దాటిపోతే ఆపరేషన్ ఒక్కదాంతో పోదు."

పై వారానికి తేదీ రాసిచ్చారు. ఆ వారంలోనే పైనుంచి ఉత్తర్వు దిగింది.

ఏదో ఊళ్ళో ఎవరినో, ఏం కోస్తున్నారో చెప్పకుండానే కోశారట. అతను అర్జీ పెట్టుకున్నాడు. పెద్దలకి కోపం వచ్చింది. పెద్దలకి కోపం వస్తే పథకం పుడుతుంది. ఈ పథకం పేరు సంపూర్ణ అవగాహన. ఆసుపత్రి గేటు మీద పదడుగుల బోర్డు వెలిసింది: "అవగాహన లేనిదే ఆపరేషన్ లేదు". అడ్డొచ్చిందని 'అత్యవసర విభాగం' బోర్డు తీసి గోడ వెనక పెట్టారు.

పథకానికి అవగాహనాధికారిగా సుందరరామం గారు వచ్చారు. ఇదివరకు తూనికలు, కొలతల శాఖలో ఉండేవారట. అవగాహనని కొలవడానికి అంతకన్నా తగినవారు దొరకలేదు. మా బావ తేదీ కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాం.

"శస్త్రచికిత్స చేయించుకొనుట రోగి హక్కు. దానిని అవగతము చేసుకొనుట రోగి విధి. విధి నెరవేర్చనివానికి హక్కు ఎట్లు సంక్రమించును?" అన్నారాయన కాగితం వెనక్కి తోసేస్తూ.

"నాకర్థమైందండి. డాక్టరమ్మ చెప్పారండి" అన్నాడు మా బావ.

"అర్థమగుట వేరు, అవగాహన వేరు. అర్థమగుట లోపల జరుగును. అవగాహన కాగితము మీద జరుగును."

ముప్పై ఆరేళ్ళుగా నేను చేసే పనిని ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. నాకాయన మీద గౌరవం కలిగింది. మా బావకి మాత్రం హాల్ టికెట్టు దొరికింది.

పరీక్ష నూరు మార్కులకి, డెబ్బై ఐదు వస్తే పాసు. మగవాళ్ళ వార్డులో మంచాలు జరిపి బల్లలు వేశారు. సెలైను ఎక్కుతున్నవాళ్ళు సెలైను స్టాండుతోనే వచ్చి కూర్చున్నారు. చీటీలేమైనా దాచారేమోనని మూత్రం సంచులు కూడా ఎత్తి వెలుతురులో చూశారు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న ఒకతన్ని తత్కాల్ పద్ధతిలో వరండాలోనే పరీక్షకి కూర్చోబెట్టారు. అతనికి అపెండిక్స్. ప్రశ్నలో 'ఉండుకము' అని ఉంది. ఉండనివ్వమంటున్నారేమో అనుకుని, "వద్దు, తీసెయ్యండి" అని పేజీ నిండా రాశాడు. సున్నా వచ్చింది. వాళ్ళ వాళ్ళు ఆటోలో పక్క ఊరి ఆసుపత్రికి పట్టుకుపోయి బతికించుకున్నారు. అవగాహన లేకుండానే బతికాడని ఇక్కడ రికార్డులో రాసుకున్నారు.

మా బావ ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న ఇది: "పౌరుష గ్రంథిని నిర్వచింపుము. దాని నిర్మూలనము వలన కలుగు ప్రయోజనములను పది పంక్తులకు మించకుండ వివరింపుము."

ఆ ముక్క చదివి ఆయన చెమటలు కక్కాడు. గ్లాండు తీస్తామన్నారు గానీ పౌరుషం నిర్మూలిస్తామని డాక్టరమ్మ ఎప్పుడూ అనలేదు. అరగంట పెన్ను పట్టుకుని ఆలోచించి, ఉన్న పౌరుషమంతా కూడదీసుకుని రెండే వాక్యాలు రాశాడు: "నా పౌరుషం ముట్టుకోడానికి నేనొప్పుకోను. గ్లాండు మాత్రం ఎప్పుడైనా తీసుకోండి."

పన్నెండు మార్కులు వచ్చాయి. అవి దస్తూరికి. పక్కన ఎర్ర సిరాతో "రోగి శస్త్రచికిత్సకు నిరాకరించెను" అని ఉంది.

డాక్టర్ రెహానా గారు పరుగున అవగాహనాధికారి గదికి వెళ్ళారు. పౌరుష గ్రంథి అన్నా, ప్రోస్టేట్ అన్నా, వీరభద్రం గారి గ్లాండు అన్నా ఒకటేనని చెప్పారు. "ఒకటే అయినచో మూడు మాటలెందుకు? మేము నిర్ణయించిన మాటయే మాట" అన్నారు సుందరరామం గారు. నెల తరవాత రెండో పరీక్ష పెట్టారు.

ఈసారి చదివించే బాధ్యత నాది. ఆసుపత్రి ఎదురుగా జిరాక్సు కొట్లో అప్పటికే గైడు వచ్చేసింది, ముఖ్యమైన ప్రశ్నలకి చుక్కలు పెట్టి మరీ. రోజూ పొద్దున్నే మా బావని కూర్చోబెట్టి వల్లె వేయించాను. "పౌరుష గ్రంథి యనగా మూత్రాశయ గ్రీవమునకు దిగువన మూత్రమార్గమును పరివేష్టించియుండు అవయవము." ఆయన కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పేవాడు. నాలుగో వారానికి ఒక ఘోరం జరిగింది. మా అక్క కాఫీ ఇస్తూ, "ఇంతకీ నీకేం చేత్తారయ్యా?" అని అడిగితే, మా బావ గుటకేసి, "పరివేష్టిత్తారు" అన్నాడు. అంతవరకూ తెలిసింది కూడా పోయింది. అరవై ఒక్క మార్కులు వచ్చాయి.

ఈలోగా గోరుచుట్టు మీద రోకటిపోటులా మరో ఉత్తర్వు వచ్చింది. రోగికి అవగాహన ఉంటే చాలదు, వెంట వచ్చినవారికీ ఉండాలి, కోసేవారికీ ఉండాలి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం. మా అక్క తనకి చత్వారమని తప్పించుకుంది. నేను కూర్చున్నాను.

గొప్పలు చెప్పుకోకూడదు గానీ, ఆ ప్రశ్నపత్రం నా కోసం పుట్టింది. "గ్రంథి స్థానమును తెలుపుము" అన్నదానికి నా అలవాటు కొద్దీ చెక్కుబంది రాశాను. "సదరు గ్రంథికి హద్దులు: పైన మూత్రాశయం, వెనుక పెద్దపేగు చివర, ముందు కటి ఎముక, కింద మూత్రనాళపు కండరం. ఈ నాలుగు హద్దుల మధ్య గల గ్రంథిని యావత్తూ, ఏ విధమైన శేషమూ లేకుండా, శాశ్వతంగా తొలగించుటకు నాకు గాని నా వారసులకు గాని ఏ విధమైన అభ్యంతరమూ లేదని నా పూర్తి సమ్మతితో రాసి ఇచ్చిన జవాబు." కింద అలవాటు కొద్దీ సంతకం పెట్టి, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు కూడా తీసుకున్నాను.

తొంభై ఎనిమిది వచ్చాయి. సుందరరామం గారు స్వయంగా నా చెయ్యి పట్టుకుని ఊపారు. నా ఆనందం మర్నాడు ఉదయం ఏడున్నర వరకే ఉంది.

ఏడున్నరకి వార్డు అటెండరు బ్లేడు, సబ్బు, ఆకుపచ్చ గౌను పట్టుకుని వచ్చాడు. వెనకే స్ట్రెచరు. "నూకరాజెవరండి? పడుకోండి."

"నేను రోగిని కాదయ్యా, రోగి బావమరిదిని."

"లిస్టులో మీ పేరే ఉందండి. అవగాహన గలవారు ఒక్కరే, మీరే."

ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం. బొత్తాలు పట్టుకుని అవగాహనాధికారి గదికి పరుగెత్తాను. ఆయన నా జవాబుపత్రం తీసి బల్ల మీద పరిచారు.

"జవాబు మీది. చేవ్రాలు మీది. 'నాకు అభ్యంతరము లేదు' అను వాక్యము మీది. గ్రంథి మాత్రము మీది కాదందురా?"

"గ్రంథి నాదేనండి. రోగమే నాది కాదు."

"రోగము ఉన్నదా లేదా అనునది ఈ విభాగపు పరిధిలోనిది కాదు. ఇంతటి అవగాహన గల వ్యక్తికి శస్త్రచికిత్స నిరాకరించినచో రేపు మేము ఏమని సమాధానము చెప్పవలెను?"

నేను జీవితంలో మొదటిసారి ఒక్క మాటలో "వద్దండి" అన్నాను. అప్పటికే స్ట్రెచరు గుమ్మంలోకి వచ్చింది. నన్ను కాపాడింది డాక్టర్ రెహానా గారు. "నేను చెయ్యలేనండి. నేనూ తప్పాను" అన్నారు. ఆవిడకి నలభై వచ్చాయి. పదిహేనేళ్ళుగా చేస్తున్న ఆపరేషన్ గురించి రాస్తూ ప్రతిచోటా 'ప్రోస్టేట్' అని రాశారట. ఇంతటి మంచి ఫెయిలు నేనెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం ఆపరేషన్ థియేటరుకి తాళం పడింది. చేయించుకునేవాళ్ళకి అవగాహన లేదు, చేసేవాళ్ళకీ లేదు, అది ఉన్నవాడికి రోగం లేదు. ఆపరేషన్లు లేవు కాబట్టి అర్జీలు లేవు. ఆ నెల లోపాలు లేని ఆసుపత్రిగా ప్రశంసాపత్రం వస్తే, దాన్ని అద్దం కట్టించి థియేటరు తలుపుకే తగిలించారు, తాళం కనిపించకుండా.

నవ్వులాటకి చెబుతున్నాను గానీ, అప్పటికి పదో వారం. డాక్టరు గారు మా అక్కని పక్కకి పిలిచి, "ఈ నెలాఖరు దాటితే గ్లాండు లోపలే ఉందని నేను చెప్పలేనమ్మా" అన్నారు. అక్క ఆ మాట నాకు మెట్ల మీద చెప్పింది. నాకు తొంభై ఎనిమిది మార్కులూ చేదుగా అనిపించాయి. నా చేతి రాతతో బతికించలేని మనిషి అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"పంపు పాడైంది. మెకానిక్కు ఉంది. పానా చేతిలో ఉంది. మోటారు పరీక్ష పాసవ్వలేదని కూర్చోబెట్టడం నా సర్వీసులో చూళ్ళేదురా నూకరాజు" అన్నాడు మా బావ.

మిగిలింది మౌఖిక పరీక్ష. రెండుసార్లు తప్పినవాళ్ళకి చివరి అవకాశం. అదీ తప్పితే మళ్ళీ ఆరు నెలలకే. మా బావ, సాయంగా నేను, ఎదురుగా సుందరరామం గారు. ఆయన ఆ మధ్య కొంచెం చిక్కారు. తలుపు వేయించారు.

"పౌరుష గ్రంథిని నిర్వచింపుము" అన్నారు.

మా బావ నోరు తెరిచాడు. మూత్రాశయ గ్రీవం వరకూ వచ్చి ఆగిపోయాడు. నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి కాగితం చప్పుడైంది. చూస్తే మా బావ ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్సిలు తీసి, బొమ్మ గీస్తున్నాడు.

"ఇది ట్యాంకండి. ఇది పైపు. మధ్యలో ఇదిగో, గ్లాండు. తెగులు దీంట్లో ఉంది. ఇలాగ మొత్తం తీసేత్తారు. తీసేత్తే పైపుకీ ట్యాంకుకీ మధ్య ఖాళీ వత్తాది కదండి. ట్యాంకుని కిందకి లాగి పైపుకి జాయింటేత్తారు."

"జవాబులో నిర్ణీత పదము రాలేదు" అన్నారు సుందరరామం గారు. కానీ కుర్చీ దగ్గరకి జరిపారు. "పిమ్మట?"

"పిమ్మట రబ్బరు పైపండి, రెండు వారాలు. అది తీశాక కారతాదండి."

"కారునా?"

"కారదేటండి మరి. వాల్వు కొత్తగా అలవాటు పడాలి. బిగించి వదలడం డాక్టరమ్మ నేర్పుతారు. రోజూ చెయ్యాలి."

"ఎన్ని దినములు కారును?"

"కొందరికి నెలండి, కొందరికి ఆర్నెల్లండి. గుడ్డ పెట్టుకుంటే పైకి తెలీదండి."

"ఆఫీసుకి వెళ్ళొచ్చా?"

నేను తల ఎత్తాను. ఈ ఆసుపత్రికి వచ్చాక ఆయన నోట మామూలు తెలుగు వినడం అదే మొదలు.

"ఎందుకెళ్ళకూడదండి" అన్నాడు మా బావ. "మరి ఆ రెండో సంగతి కూడా ఉందండి. మగతనం. అది కొందరికి మెల్లగా వత్తాది, కొందరికి రాదు. ముందే ఇంట్లో చెప్పుకోవాలి. నేను చెప్పాను. మా ఆవిడ మనిషుంటే చాలంది."

సుందరరామం గారు ఆ పెన్సిలు బొమ్మని తన వైపు తిప్పుకుని చూశారు. తరవాత సొరుగు తెరిచి, మడత పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అది మా బావ దగ్గరున్న ఆసుపత్రి రిపోర్టు లాంటిదే, పేరు మాత్రం ఆయనది.

"మూడు వారాలైంది" అన్నారు. "ప్రశ్నలు నేనే తయారు చేశాను. జవాబులూ నేనే రాశాను. ఇందులో ఏముందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు వీరభద్రం గారూ. అడుగుదామంటే, అవగాహనాధికారిని, ఎవర్నడగను?"

మా బావ ఆ కాగితం తీసుకుని చివరి వరస చూశాడు. "ఏం పర్లేదండి. ఇది కూడా గ్లాండు దాటలేదని రాసుంది. డాక్టరమ్మకి చూపించండి, ఏ దారి మంచిదో ఆవిడ చెప్తారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, ఫలితం గడిలో అచ్చు వేసి ఉన్న "రోగికి అవగాహన కలిగినది" అన్న వాక్యం కొట్టేసి, పైన చేత్తో "నాకు అర్థమైంది" అని రాసి సంతకం పెట్టారు. నూటికి నూరు వేశారు.

"డాక్టరమ్మకి కూడా ఏదో ఒకటి వెయ్యండి. నాకు చెప్పింది ఆవిడే కదండి" అన్నాడు మా బావ.

ఆవిడకి ముప్పై ఐదు గ్రేసు మార్కులు పడ్డాయి. నాకు మాత్రం, సదరు జవాబు రద్దు చేయవలసిందిగా నేను పెట్టుకున్న అర్జీ మీద "పరిశీలించబడును" అని రాశారు. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

గురువారం తాళం తీశారు. మా బావకి ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. తీసిన గ్లాండుని పరీక్షకి పంపితే, రోగం అంచు దాకా వచ్చింది గానీ దాటలేదని తేలింది. డాక్టర్ రెహానా గారు ఆ మాట చెబుతుంటే మా అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. అది అర్జీలో రాయలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో నాలుగు వారాలకి సుందరరామం గారికి తేదీ ఇచ్చారు. ఆయనా ఆపరేషనే ఎంచుకున్నారు. పరీక్షాధికారి తనని తాను పరీక్షించుకోకూడదు కాబట్టి, ఆ రోజుకి ఆ అధికారాన్ని మా బావకి బదిలీ చేస్తూ ఆయనే ఉత్తర్వు రాసుకున్నారు. మా బావ ఉతికిన చొక్కా వేసుకుని, లోపల గుడ్డ పెట్టుకుని, దగ్గు రాకుండా జాగ్రత్తగా నడుస్తూ వార్డులోకి వెళ్ళాడు. నేను ప్రశ్నపత్రాల కట్ట మోసుకుంటూ వెనక నడిచాను.

ఆకుపచ్చ గౌనులో సుందరరామం గారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. మా బావ నా చేతిలో కట్ట వైపు చూడనైనా చూడలేదు. ముక్కాలి పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పండి" అన్నాడు.

"ఏం చెప్పమంటారు?" అన్నారు సుందరరామం గారు. "అన్నీ తెలుసు. బొమ్మ కూడా గీయగలను. కానీ భయంగా ఉందండి."

"అయితే అర్థమైనట్టేనండి" అన్నాడు మా బావ, సంతకానికి పెన్సిలు తీస్తూ.